కాక్రేన్ లైబ్రరీ: దంత చికిత్స ఫలితాలు ఎంతవరకు తేలుస్తుంది?

దంత చికిత్సల్లో ఏది నిజంగా పని చేస్తుందో తెలుసుకోగోరే వారికి, వైద్య పరిశోధనల సమీక్షలను ఒకచోట చేర్చే ఆన్‌లైన్ భాండాగారమైన కాక్రేన్ లైబ్రరీలోని సమీక్షలు నమ్మదగిన ఆధారం. ఏదో ఒక అధ్యయనాన్ని పట్టుకుని తీర్పు చెప్పకుండా, దొరికిన ప్రయోగాలన్నిటినీ వెతికి, వాటి లోపాలను తూచి, ప్రతి ఫలితానికీ ఆధారబలం ఎంతో, అంటే దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో, విడిగా చెప్పడం ఇక్కడి పద్ధతి. 2018 నాటి ఒక సమీక్షనే తీసుకుంటే, చిగుళ్ల జబ్బు తీవ్రంగా లేక, క్రమం తప్పకుండా దంతవైద్యుణ్ణి కలిసే పెద్దలకు నిర్ణీత వ్యవధిలో పళ్లు క్లీనింగ్ చేసినా, రెండు మూడేళ్లలో చిగుళ్ల వాపులోగాని, రక్తస్రావంలోగాని చెప్పుకోదగ్గ తేడా ఉండదని 1,711 మంది వివరాలతో తేల్చింది. గార కొద్దిగా తగ్గినా అది రోగికి ఎంత ముఖ్యమో స్పష్టం కాదనీ దాచకుండా రాసింది. వృత్తికి ఇబ్బంది కలిగించే మాటే, అయినా రాసింది!

సామాన్య పాఠకుల కోసం ఇచ్చే సరళ సారాంశాలు బాగున్నాయి. పట్టికలు మాత్రం ఓపికను పరీక్షిస్తాయి.

నీతిశాస్త్రం, దైవశాస్త్రం వైపు నుంచి వచ్చేవారికి ఇక్కడ కొంత వెలితి తప్పదు. 1940లలో స్వీడన్‌లోని విపెహోల్మ్ సంస్థలో మానసిక వైకల్యం ఉన్నవారికి అంటుకునే టాఫీలు తినిపించి పిప్పిపళ్లు ఎలా వస్తాయో గమనించారు. అటువంటి జ్ఞానాన్ని వాడుకోవడం ధర్మమా అన్న ప్రశ్నకు జవాబు ఆధారబలం కొలతల్లో దొరకదు. అందుకు నీతిశాస్త్ర పత్రికలను వేరుగా చదువుకోవలసిందే.