కేపాచ్-బిల్డ్ రివ్యూ: ఒకే పేరున్న ఫంక్షన్లలో మనకు కావాల్సింది పట్టుకుంటుందా?

రీబూట్ చేయకుండా కెర్నెల్‌కి (ఓఎస్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ప్యాచ్ వేసే సౌకర్యం, అంటే లైవ్‌ప్యాచ్, 2015లో వచ్చిన లినక్స్ 4.0 నుంచి మెయిన్‌లైన్‌లోనే (అసలు లినక్స్ సోర్స్‌లోనే) ఉంది. గచ్చిబౌలి, మాదాపూర్‌లలో కూర్చుని క్లయింట్ దగ్గర అరగంట డౌన్‌టైమ్ కోసం బతిమాలుకునే అడ్మిన్లకు దాని విలువ చెప్పక్కర్లేదు. ఆ ప్యాచ్ మాడ్యూల్‌ని (నడుస్తున్న కెర్నెల్‌లోకి ఎక్కించే ఫైలు) తయారుచేసిపెట్టే ఓపెన్ సోర్స్ టూల్ కేపాచ్-బిల్డ్, మొదలుపెట్టింది రెడ్ హ్యాట్. ఇక్కడ చూస్తున్నది ఒక్క విషయమే: ఒకే పేరుతో బోలెడు ఫంక్షన్లుంటే అది సరైనదాన్ని ఎంచుకుంటుందా, లేదా?

సి భాషలో స్టాటిక్ ఫంక్షన్ పేరు ఆ ఫైలు దాటి బయటకు రాదు. అందుకే నేమ్_షో, టైప్_షో, మోడాలియాస్_షో లాంటి పేర్లు కెర్నెల్‌లో ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. లైవ్‌ప్యాచ్ మాత్రం పాత ఫంక్షన్‌ని పేరుతోనే వెతుకుతుంది. ఆఫీసు ఫ్లోర్‌లో 'శ్రీనివాస్' అని పిలిస్తే నలుగురు తిరిగి చూసినట్టే. దీనికి కెర్నెల్ ఇచ్చిన పరిష్కారం ఓల్డ్_సిమ్‌పోస్ అనే అంకె, 4.5 వెర్షన్ నుంచి ఉంది. 0 పెడితే ఆ పేరు ఒక్కటే ఉండాలి. రెండోది కనిపిస్తే మాడ్యూల్ లోడ్ కాదు, కెర్నెల్ లాగ్‌లో యాంబిగ్యుటీ ఎర్రర్ పడుతుంది. 1, 2, 3 అని ఇస్తే ఆ వరుసలో అన్నోది తీసుకుంటుంది.

చేత్తో మాడ్యూల్ రాసేవాళ్లు బోల్తా పడేది ఈ లెక్క దగ్గరే. కాల్‌సిమ్స్ ఫైల్లో (కెర్నెల్‌లోని పేర్లు, వాటి అడ్రస్‌ల జాబితా) పూర్తి పదంగా కాకుండా గ్రెప్‌తో వెతికితే ముందు ప్రిఫిక్స్ ఉన్న పేర్లు కూడా వచ్చి లెక్కలో కలుస్తాయి. వీఎంలినక్స్‌ది (కెర్నెల్ అసలు ఫైలు) వేరే లెక్క, ప్రతి మాడ్యూల్‌ది వేరే లెక్క. చివర బ్రాకెట్లలో మాడ్యూల్ పేరున్న లైన్లని కలిపేస్తే అంకె తప్పుతుంది. ఇంకో మెలిక చాలామందికి తట్టదు: అదే పేరుతో ఏదైనా వేరియబుల్ ఉంటే అది కూడా వరుసలో ఒక స్థానం తినేస్తుంది, ఎందుకంటే లైవ్‌ప్యాచ్‌కి డేటా సింబళ్లు (వేరియబుళ్ల పేర్లు) కూడా కాల్‌సిమ్స్‌లో ఉండి తీరాలి, వెతికేటప్పుడు అది రకం చూడదు. వీఎంలినక్స్‌లో వరుస అంటే అడ్రస్ వరుస. రీడ్‌ఎల్ఫ్ అనే టూల్ చూపించే వరుస సింబల్ టేబుల్‌ది (ఫైల్లో ఉండే పేర్ల పట్టిక), దాన్ని చూసి లెక్కపెట్టకూడదు. మాడ్యూళ్లలో మాత్రం సింబల్ టేబుల్ వరుసే లెక్క.

అంకె తప్పితే ఏమవుతుంది? ఆర్గ్యుమెంట్లు వేరైతే ఊప్స్ (కెర్నెల్ క్రాష్ ఎర్రర్) రావచ్చు, అది నయం. నేమ్_షోల్లో చాలావాటికి ఆర్గ్యుమెంట్లు ఒకేలా ఉంటాయి కాబట్టి క్రాష్ కూడా ఉండదు. సిస్ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ తన సమాచారం చూపించే ఫైళ్ల చోటు) ఇంకెవరిదో ఫైలు తప్పు సమాచారం చూపిస్తుంది, మీ బగ్ ఎక్కడిదక్కడే ఉంటుంది. మాడ్యూల్ మాత్రం లోడ్ అయిందని చెప్తుంది.

కేపాచ్-బిల్డ్‌కి ఎక్కువ మార్కులు పడేది ఇందుకే. మనల్ని అంకె అడగదు. ప్యాచ్ లేకుండా ఒకసారి, ప్యాచ్‌తో ఒకసారి బిల్డ్ చేసి, మారిన ఆబ్జెక్ట్ ఫైల్లోని లోకల్ సింబళ్ల జాబితాని వీఎంలినక్స్ సింబల్ టేబుల్లో ఆ ఫైలు పేరు కింద ఉన్న జాబితాతో పోల్చి, స్థానం తనే రాసుకుంటుంది. ఫైలు పేరు ఒక్కటే చాలదు, కెర్నెల్‌లో కోర్.సి అనే పేరుతోనే ఎన్నో ఫైళ్లున్నాయి. జాబితా కుదరకపోయినా, రెండు చోట్ల కుదిరినా ఊహించి ముందుకు పోదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆగడమే మంచిది.

జాబితా కుదరలేదంటే చాలాసార్లు తప్పు మనదే. సోర్స్ గానీ కాన్ఫిగ్ గానీ నడుస్తున్న కెర్నెల్‌ది కాకపోవచ్చు, లేదా కంపైలర్ జీసీసీ వెర్షన్ వేరే కావచ్చు. కంపైలర్ మారితే అది తగిలించే ఐస్రా, కాన్‌స్ట్‌ప్రాప్ అనే తోకలున్న పేర్లు మారిపోతాయి. జీసీసీ చెక్‌ని దాటేసే ఆప్షన్ ఉంది గానీ ప్రొడక్షన్ సర్వర్ కోసం దాని జోలికి పోకండి. కాష్‌లకి 15 జీబీ ఖాళీ కావాలని డాక్యుమెంటేషనే చెప్తుంది. పాత ల్యాప్‌టాప్ అయితే ముందు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి ఒక ఎస్ఎస్‌డీ తెచ్చుకోవడం ఉత్తమం. ప్యాచ్ వీఎంలినక్స్‌లోనే ఉంటే టార్గెట్ ఆప్షన్‌లో అదొక్కటే ఇవ్వండి, మాడ్యూళ్లన్నీ కంపైల్ అయ్యేదాకా చూడక్కర్లేదు.

లింకర్‌లోనే (ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ కలిపే టూల్) పేర్లు వేరు చేస్తే సరిపోదా అన్న ఆలోచనా ఉంది. లింకర్ ఉండే బైన్‌యుటిల్స్ ప్యాకేజీలో 2.36 నుంచి యూనిక్-సింబల్ అనే ఆప్షన్ ఉంది, డూప్లికేట్ లోకల్ పేర్ల చివర చుక్క పెట్టి అంకె తగిలిస్తుంది. బూట్ అయిన ప్రతిసారీ ఫంక్షన్ల వరుసని కలిపేసే ఎఫ్‌జీ-కాస్లర్ లాంటి పద్ధతిలో పైన చెప్పిన ఓల్డ్_సిమ్‌పోస్ అంకె పనికిరాదు కాబట్టి అక్కడ ఇది అక్కరకొస్తుంది. కానీ ఆ అంకె కూడా బిల్డ్‌కి కట్టుబడిందే. మధ్యలో కొత్త ఫైలొకటి చేరితే నిన్నటి 2 ఇవాళ 3 కావచ్చు. సొంత డ్రైవర్ రాసే టీములకైతే ఇంతకంటే తేలిక మార్గముంది: స్టాటిక్ ఫంక్షన్‌కైనా డ్రైవర్ పేరు ముందు తగిలించండి.

లోడ్ చేశాక సిస్ఎఫ్ఎస్‌లో లైవ్‌ప్యాచ్ డైరెక్టరీ కింద మీ ప్యాచ్, దాని కింద వీఎంలినక్స్ తెరిస్తే 'నేమ్_షో,3' లాంటి ఫోల్డర్ కనిపిస్తుంది. ఆ 3ని కాల్‌సిమ్స్‌లో లెక్కపెట్టి ఒకసారి సరిచూసుకోండి. మీరు 0 ఇచ్చినా అక్కడ 1 అనే కనిపిస్తుంది, కంగారు పడొద్దు. మీ ప్యాచ్ కింద ఉన్న ట్రాన్సిషన్ ఫైల్లో 0 వచ్చేదాకా (అంటే ప్రాసెస్‌లన్నీ కొత్త కోడ్‌కి మారేదాకా) పని పూర్తి కానట్టే.

5కి 4 ఇవ్వొచ్చు. ఒక మార్కు పోయింది ఎర్రర్ మెసేజీల వల్ల: ఏ సింబల్ దగ్గర తేడా వచ్చిందో తెలియాలంటే డీబగ్ ఆప్షన్‌తో మళ్లీ బిల్డ్ చేసి లాగంతా తవ్వాలి. జీపీఎల్ 2 కింద ఉచితం. మామూలు రెడ్ హ్యాట్, ఉబుంటు కెర్నెల్స్ వాడేవాళ్లకు ఆయా కంపెనీల లైవ్‌ప్యాచ్ సర్వీసే చాలు. ఇది సొంతంగా కెర్నెల్ బిల్డ్ చేసుకునేవాళ్ల కోసం. తయారైన కేఓ ఫైలుకి (ప్యాచ్ మాడ్యూల్) కెర్నెల్ రిలీజ్ పేరు జోడించి దాచుకోండి. ఒక వెర్షన్‌కి చేసింది పక్క వెర్షన్‌లో బలవంతంగా ఎక్కించాలని చూడొద్దు.