బరువు వ్యాయామం: డయాలసిస్ వేళలోనా, ఇంట్లోనా?

డయాలసిస్ చేయించుకునేవాళ్లు బరువులతో వ్యాయామం చేయొచ్చా అనే దశ దాటిపోయింది. ఇప్పుడు అందరూ అడిగేది, మిషన్ నడుస్తుండగా చేయాలా, మిషన్ లేని రోజు ఇంట్లో చేయాలా అని.

ఇంట్లో సౌలభ్యం ఎక్కువే. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. గోడ పట్టుకుని మడమలెత్తొచ్చు, కుర్చీలోంచి లేచి కూర్చోవచ్చు. డాక్టరు సరేనంటే ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేత్తో కూడా తేలికపాటి బరువులెత్తొచ్చు. (ఆ చేతిని గాజుబొమ్మలా దాచుకునేవాళ్లే ఎక్కువ. అంత అక్కర్లేదు.) మిషన్ మీద ఆ చెయ్యి కదలకూడదు. మిగిలేవి కాళ్లు, రెండో చెయ్యి.

అయినా నా ఓటు మిషన్ వేళకే. ఏ వ్యాయామమైనా మూడు నెలల తర్వాత కూడా సాగుతోందా అన్నదే నాకు ముఖ్యం. డయాలసిస్ అయిన పూట మంచం దిగబుద్ధి కాదు. మర్నాడు తేరుకునేసరికి ఇంటిపనులు, ఆ మర్నాడు మళ్లీ డయాలసిస్. రేపు చూద్దాంలే అనుకోవడానికి ఇంట్లో సవాలక్ష సాకులు. సాధారణంగా వారానికి 3 సార్లు, 4 గంటల చొప్పున మిషన్ దగ్గర ఎలాగూ ఉండాల్సిందే. పైగా బీపీ చూసేవాళ్లు పక్కనే ఉంటారు.

పడుకుని కాళ్లాడిస్తే నిలబడే బలం ఎలా వస్తుందంటారా? జర్మనీలో 21 కేంద్రాల్లో, 900 మందికి పైగా రోగులతో ఏడాదిపాటు జరిపిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. కొందరి చేత డయాలసిస్ వేళలోనే పెడలింగ్, కండబలం పెంచే వ్యాయామాలు చేయించారు. నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూస్తే, వాళ్లు సగటున 16 నుంచి 19కి పెరిగారు. చేయనివాళ్లు 15 లోపుకు దిగిపోయారు. అంటే ఊరికే ఉంటే ఉన్న బలమూ నిలవదు.

మిషన్ ఒంట్లోంచి నీరు లాగేకొద్దీ బీపీ పడుతుంది కాబట్టి మొదటి రెండు గంటల్లోపే కానిచ్చేయాలి. చీలమండకు అరకిలో బరువు కట్టి, మోకాలు చాపి, మూడు లెక్కపెడుతూ దించాలి. ఊపిరి బిగపట్టకూడదు. పది పన్నెండుసార్లు చేస్తే చివరి రెండూ కష్టమనిపించాలి. పదిహేను సునాయాసంగా అయిపోతుంటే బరువు పెంచాల్సిందే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అదే అరకిలోతో నెలలు గడిపేస్తారు. తొడలో క్యాథెటర్ (డయాలసిస్ కోసం పెట్టిన గొట్టం) ఉంటే ఆ కాలు కదపొద్దు. ఛాతీనొప్పి, ఆయాసం ఉన్నా, కిందటి డయాలసిస్ మానేసినా ఆరోజుకు వద్దు.

రబ్బరు బ్యాండ్లూ పనికొస్తాయి, కానీ ఎంత పెంచామో లెక్క తేలదు. పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకునేవాళ్లు పొట్టలో నింపిన డయాలసిస్ నీరు ఖాళీ చేశాకే మొదలుపెట్టడం మంచిది. హెర్నియా భయం ఉంటుంది కాబట్టి పొట్ట మీద ఒత్తిడి పెట్టేవి వద్దు.

మీ సెంటర్‌లో ఒప్పుకోకపోతే ఇల్లే గతి. అప్పుడు డయాలసిస్ మర్నాడు పొద్దున్నే, మిగతా పనులు మొదలవకముందే, కుర్చీని గోడకు ఆనించి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి.