ఎంటెక్ ప్రాజెక్టుకు ఎండీనా, క్రిస్టల్ ప్లాస్టిసిటీనా?

వరంగల్‌లో మెటలర్జీ చదివే జూనియర్లు ప్రాజెక్టు టైమ్ రాగానే నన్నడిగేది ఇదే: "అన్నా, లోహం మీద లోడ్ పడితే లోపల ఏమవుతుందో చూడాలి. ల్యాంప్స్ నేర్చుకోవాలా, డమాస్కా?" రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. మొదటిది ఎండీకి (మాలిక్యులర్ డైనమిక్స్), అంటే పరమాణువుల లెక్క. రెండోది క్రిస్టల్ ప్లాస్టిసిటీకి, అంటే గ్రెయిన్ల (లోహంలోని చిన్న చిన్న స్ఫటికాల) లెక్క.

ఎండీ మొదటి రోజే మనసు లాగేస్తుంది. రాగి క్రిస్టల్‌ను లాగుతూ, పరమాణువులను రంగుల్లో చూపే ఓవిటో సాఫ్ట్‌వేర్‌లో చూడండి. ఆకుపచ్చ పరమాణువుల మధ్య ఎర్రటి పట్టీ ఒకటి పుట్టి జారిపోతుంది. అది స్టాకింగ్ ఫాల్ట్ (పరమాణు పొరల వరుస తప్పిన చోటు), దాని అంచున ఉన్నది డిస్‌లొకేషన్ (లోహం జారడానికి కారణమయ్యే గీతలాంటి లోపం). 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ కాగితం మీద చెప్పింది కళ్లముందు కదులుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అయినా నా లెక్కలో తేల్చేది కాలం. ఎండీలో ఒక స్టెప్ సుమారు 1 ఫెమ్టోసెకను. పది లక్షల స్టెప్పులు నడిపితే వచ్చేది 1 నానోసెకను. అంతలోనే 10 శాతం సాగదీయాలంటే స్ట్రెయిన్ రేటు (సాగే వేగం) సెకనుకు 10 కోట్లు. మన ల్యాబ్ టెన్సైల్ టెస్టులో అది 0.001 దగ్గర ఉంటుంది. తేడా పదివేల కోట్ల రెట్లు! పైగా మొదట్లో ఒక్క డిస్‌లొకేషన్ కూడా లేని క్రిస్టల్ తీసుకుంటే యీల్డ్ (లోహం శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) గిగాపాస్కల్స్‌లో వస్తుంది. అనీల్ చేసిన (వేడిచేసి మెత్తబరిచిన) మామూలు రాగి పదుల మెగాపాస్కల్స్‌కే లొంగుతుంది. రామగుండం బాయిలర్ ట్యూబు ఏళ్ల తరబడి వేడిలో మెల్లగా సాగే క్రీప్‌ను నానోసెకన్లలో ఎలా పట్టుకుంటాం?

క్రిస్టల్ ప్లాస్టిసిటీకి ఈ ఇబ్బంది లేదు. ల్యాబ్ రేటునే ఇవ్వొచ్చు. ఒక్కో గ్రెయిన్ ఎటు తిరిగి ఉంది, రాగికున్న 12 స్లిప్ సిస్టమ్స్‌లో (పొరలు జారే దారుల్లో) ఏది జారుతుంది, జారేకొద్దీ ఎంత గట్టిపడుతుంది అన్నది లెక్కలోకి వస్తుంది. మెత్తటి రాగి తీగను నాలుగుసార్లు వంచి చూడండి, ఆ గట్టిదనం వేళ్లకే తెలుస్తుంది. దీని లోపం హార్డెనింగ్ పారామీటర్లు, అంటే ఆ గట్టిపడటాన్ని చెప్పే అంకెలు. ఒకే స్ట్రెస్-స్ట్రెయిన్ కర్వ్‌కు నాలుగు రకాల సెట్లు సరిపోతాయి. అందుకే టెన్షన్ కర్వ్‌తో ఫిట్ చేసి, కంప్రెషన్ కర్వ్‌తో సరిచూడండి.

మిగతా దారుల్లో, ఎలక్ట్రాన్ల స్థాయిలో లెక్కించే డీఎఫ్‌టీ కొన్ని వందల పరమాణువుల దగ్గరే ఆగిపోతుంది. డిస్‌లొకేషన్ల కదలికనే లెక్కించే డిస్‌లొకేషన్ డైనమిక్స్ మంచిదే కానీ ఏడాదిలో తేలదు. మామూలు ఎఫ్ఈఎంకు (ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి) గ్రెయిన్లు కనిపించవు.

గ్రెయిన్ బౌండరీని (రెండు గ్రెయిన్ల మధ్య హద్దును) డిస్‌లొకేషన్ ఎలా దాటుతుందన్నదే మీ ప్రశ్నయితే ఎండీ తీసుకోండి. చేతిలో టెస్టు డేటా ఉంటే మాత్రం నేను డమాస్కే అంటాను.