ముంబై సినిమా హాళ్ళ దారిలో మామయ్యతో మూడు రోజులు

మా మామయ్య విజయవాడ గాంధీనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా ఫిల్మ్ రెప్రజెంటేటివ్‌గా పనిచేశాడు. డిస్ట్రిబ్యూటర్ తరఫున హాలుకి వెళ్ళి, ఆట ఆటకీ ఎన్ని టికెట్లు తెగాయో బుకింగ్ దగ్గర లెక్క చూసుకుని, రాత్రికి డీసీఆర్ రాసి పంపడం ఆయన ఉద్యోగం. డీసీఆర్ అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టు. ఇప్పుడాయనకి 72 ఏళ్ళు. ఒక్కసారి ముంబైలోని మరాఠా మందిర్ సినిమా హాలు చూడాలన్నది ఆయన ఎన్నాళ్ళ కోరికో. ఈ జనవరిలో తీసుకెళ్ళాను.

హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం. మధ్యాహ్నం ఎక్కితే తెల్లవారుజామున ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్లో దింపుతుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు లోయర్ బెర్తు ముందే చూసుకోండి, భోజనం ఇంటి నుంచే కట్టుకెళ్ళండి. ప్రయాణం గురించి ఇంతకన్నా చెప్పాల్సిందేమీ లేదు.

బస విషయంలో మాత్రం నేను పొరపాటు చేశాను. మరాఠా మందిర్‌కి నడిచి వెళ్ళొచ్చు కదా అని ముంబై సెంట్రల్ స్టేషన్ దగ్గరి సందులో ఒక లాడ్జి ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. పొద్దున్నే గది ఇస్తామని ఫోన్లో ఒప్పుకున్నవాళ్ళు, తీరా వెళ్ళాక 12 దాకా కుదరదు, ముందే కావాలంటే సగం రోజు అద్దె అదనం అన్నారు. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన మనిషిని రిసెప్షన్ బెంచీ మీద పెట్టుకుని వాదించలేక కట్టేశాను. ఆ డబ్బు కన్నా, మాట తప్పినందుకే బాధ కలిగింది. గదిలో వేడినీళ్ళు గంటసేపే వచ్చాయి, గోడలకి చెమ్మ. అదే స్టేషన్లో రైల్వేవాళ్ళ పాడ్ గదులున్నాయి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఒంటిమనిషి పడక అరలు. ఒంటరిగా వెళ్ళే కుర్రాళ్ళకి అవి నయం. మోకాళ్ళ నొప్పులున్న మామయ్యకి ఎక్కి దిగడం కుదరదు. రెండో రోజు సాయంత్రం ఫోర్ట్‌లో ఒక పాత భవనంలోని గెస్ట్‌హౌస్‌కి మారాం. అద్దె కొంచెం ఎక్కువే, కానీ లిఫ్ట్ ఉంది, దుప్పట్లు శుభ్రం, కిటికీ తీస్తే చెట్టు కనిపించింది. మళ్ళీ వెళ్తే మొదటి రోజు నుంచే అక్కడ దిగుతాను. చర్చ్‌గేట్‌లో లోకల్ ఎక్కితే మెరైన్ లైన్స్, చర్నీ రోడ్, గ్రాంట్ రోడ్, ముంబై సెంట్రల్ వరసగా వస్తాయి. నేను చెప్పబోయే హాళ్ళన్నీ దాదాపు ఆ పట్టాల వెంటే ఉన్నాయి.

మరాఠా మందిర్ 1958లో తెరిచారు. సుమారు వెయ్యి సీట్ల హాలు. 1960 ఆగస్టు 5న ‘మొఘల్-ఎ-ఆజమ్’ మొదటి ప్రదర్శన ఇక్కడే. ప్రింటు డబ్బాలను అలంకరించిన ఏనుగు మీద తెచ్చారు. టికెట్ల కోసం జనం ఇళ్ళ నుంచి అన్నం తెప్పించుకుని తింటూ వరసల్లో రోజుల తరబడి నిలబడ్డారు. మూడేళ్ళాడింది. ఆ తర్వాత ఇంకేం కావాలి ఒక హాలుకి అనుకుంటాం. 1995 అక్టోబర్ 20న ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ వచ్చింది. అది ఇంకా పోలేదు.

ఉదయం 11:30 ఆట. కౌంటర్లో రెండు బాల్కనీ టికెట్లు చిన్న నోట్లతో అయిపోయాయి. 2014 డిసెంబర్‌లో వెయ్యి వారాలు నిండినప్పుడు టికెట్ 15 నుంచి 20 రూపాయలే. ఇప్పుడు పెరిగినా మల్టీప్లెక్స్‌లో మంచినీళ్ళ సీసా ధరకి దగ్గర్లోనే ఉంది. 2015 ఫిబ్రవరిలో ఒకసారి ఆపేశారు కూడా. అభిమానులు గొడవ పెట్టడంతో మళ్ళీ వేశారు. 2020లో కరోనాకి మూతపడి, తెరవగానే మళ్ళీ ఇదే సినిమా.

లోపల ఎవరున్నారో చూడాలని నేను బాల్కనీ అంచుకి వెళ్ళి కిందికి చూశాను. మధ్యాహ్నం రైలుకి సంచులతో వచ్చి కాలక్షేపానికి కూర్చున్నవాళ్ళు, రాత్రి డ్యూటీ చేసి వచ్చినట్టున్న ఇద్దరు సెక్యూరిటీ గార్డులు, కాలేజీ జంటలు, చంటిపిల్లతో ఒక కుటుంబం. పాటలకి చాలామంది గొంతు కలుపుతున్నారు. చివర్లో రైలు కదిలే సీను వచ్చేసరికి ఈలలు, చప్పట్లు. తర్వాత ఏం జరుగుతుందో ఆ హాల్లో తెలియని మనిషి ఒక్కడు కూడా లేడు. అయినా అమ్మాయి చెయ్యి తండ్రి వదిలేదాకా అందరూ ఊపిరి బిగబట్టే ఉన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఇంట్లో టీవీలో ఎన్నోసార్లు చూసినప్పుడు ఎప్పుడూ అలా కాలేదు.

మామయ్య సినిమా చూడలేదు. ఇంటర్వెల్లో గేట్‌కీపర్ని పట్టుకుని వచ్చీరాని హిందీలో మొత్తం అడిగాడు. రోజుకి ఒక్క ఆటే, మిగతా ఆటలకి కొత్త సినిమాలు. బయటికొచ్చాక నాతో అన్నాడు: “ఏ సినిమా ఎన్ని రోజులాడిందని అడగడం తేలికరా. ఎన్ని ఆటలతో ఆడింది, డైరెక్టా షిఫ్టా, అదడగాలి. దీనికి మాత్రం మా రిపోర్టులో గడి లేదు.”

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. విడుదలైన హాల్లోనే, రోజుకి నాలుగాటలతో వంద రోజులు నిండితే డైరెక్ట్ వంద. వసూళ్ళు పడిపోయాక చిన్న హాలుకి మార్చి, పాత రోజులూ కొత్త రోజులూ కలిపి చెప్తే షిఫ్ట్ మీద వంద. ఉదయం ఆట ఒక్కటే ఉంచి నడిపితే అది ఇంకో లెక్క. పోస్టరు మీద అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. మద్రాసు సఫైర్‌లో ‘మరో చరిత్ర’ ఐదొందల రోజులు దాటినా, ప్రొద్దుటూరులో ‘లెజెండ్’ వెయ్యి రోజులు దాటినా మామయ్య ముందు అడిగే ప్రశ్న అదే. ఈ ప్రయాణమంతా నేను ఆ కళ్ళతోనే చూశాను. పాత హాళ్ళ గురించి రాసేవాళ్ళు చాలామంది ఆర్చీలు, దీపాల గురించే రాస్తారు. ఒక హాలు ఎంత గొప్పదో తెలియాలంటే అందులో ఏ సినిమా ఎలా నిలబడిందో తెలియాలని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

ఆ సాయంత్రం కామాఠీపుర వైపు నడిచాం. వేశ్యావాటికగా పేరుపడ్డ పేట కాబట్టి ఆ పేరు వినగానే మనవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. కానీ ఆ పేరు వచ్చింది కామాఠీల నుంచి, నిజాం రాజ్యం నుంచి పొట్టచేతబట్టుకుని వెళ్ళి ఆ నగరం కట్టడాలకి కూలిపని చేసిన తెలుగువాళ్ళ నుంచి. టీ కొట్టు దగ్గర మా మాటలు విని ఒక పెద్దాయన “ఏ ఊరు మీది?” అని తెలుగులో పలకరించాడు. ఆయన పుట్టింది అక్కడే.

రెండో రోజు లామింగ్టన్ రోడ్డు. ఇక్కడ నాజ్ సినిమా ఆవరణలో ఒకప్పుడు హిందీ డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు కిక్కిరిసి ఉండేవి. శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఏ సినిమా నిలబడిందో ఏది పోయిందో అక్కడ తేలిపోయేది. “మన గాంధీనగరే” అన్నాడు మామయ్య. అదే రోడ్డులో ‘షోలే’ ఆడిన మినర్వా ఉండేది. 1975 ఆగస్టు 15న విడుదల. 70 ఎంఎం ప్రింటు లండన్ నుంచి రావడం ఆలస్యమై, ప్రీమియర్‌ని 35 ఎంఎంతోనే నడిపించారు. తర్వాత అక్కడ ఐదేళ్ళాడింది. మూడేళ్ళు రెగ్యులర్ ఆటలతో, రెండేళ్ళు మ్యాట్నీగా. మామయ్య లెక్కలో అసలు రికార్డు ఆ మొదటి మూడేళ్ళే. దాదాపు 1500 సీట్ల హాలుని రోజుకి మూడాటలతో మూడేళ్ళు నింపడం అంటే ఏమిటో, లెక్క రాసిన వాళ్ళకే తెలుస్తుందన్నాడు. హాలు ఇప్పుడు లేదు, కూల్చేశారు. నేను ఆ చోటు చూపించమని ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఒక ఎలక్ట్రానిక్స్ షాపతను చేత్తో చూపించాడు, అంతే.

అక్కడి నుంచి గిర్‌గావ్. మన దేశంలో సినిమా చరిత్ర కాళ్ళ కింద ఇంత దగ్గర దగ్గరగా ఇంకెక్కడా ఉండదేమో. 1913 మే 3న మన దేశపు తొలి పూర్తి నిడివి సినిమా ‘రాజా హరిశ్చంద్ర’ వేసిన కోరొనేషన్ ఈ చుట్టుపక్కలే ఉండేది. 1931 మార్చి 14న మొదటి టాకీ ‘ఆలం ఆరా’ ఆడిన మెజెస్టిక్ కూడా ఇక్కడే. అణాల టికెట్టు బ్లాకులో రూపాయలకి అమ్ముడుపోయి, జనాన్ని అదుపు చెయ్యడానికి పోలీసులు రావలసి వచ్చింది. ఎనిమిది వారాలు హౌస్‌ఫుల్. ఇప్పుడక్కడ మెజెస్టిక్ అనే పేరుతో షాపింగ్ సెంటర్ ఉంది. ‘ఆలం ఆరా’లో చిన్న వేషం వేసిన మన ఎల్.వి. ప్రసాద్ ఈ నగరంలోనే ఒక సినిమా హాల్లో గేట్‌కీపర్‌గా పనిచేసి కడుపు నింపుకున్నారు.

నేను గిర్‌గావ్ వచ్చింది అసలు వేరే పని మీద. మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తొలిసారి తెర మీదికొచ్చింది తెలుగు గడ్డ మీద కాదు, ముంబైలోని కృష్ణా థియేటర్లో, 1932 ఫిబ్రవరి 6న. హెచ్.ఎం. రెడ్డి తీశారు, సురభి నాటకాలవాళ్ళు నటించారు. ఏటా ఫిబ్రవరి 6ని తెలుగు సినిమా దినంగా చేసుకుంటున్నది అందుకే. మామయ్యకి ఈ సంగతి చర్నీ రోడ్ స్టేషన్లో దిగుతున్నప్పుడు చెప్పాను. ఆగిపోయాడు. “ఆ రోజు హాల్లో ఎవరు కూర్చుని ఉంటార్రా?” అన్నాడు. కామాఠీపుర నుంచి ఎవరైనా నడిచొచ్చారేమో, పని దిగి, కాళ్ళు కడుక్కుని, తెర మీద తెలుగు మాట మొదటిసారి విన్నారేమో. ఆ సాయంత్రమంతా మేం అదే మాట్లాడుకున్నాం. మనవాళ్ళెవరైనా పూనుకుని అక్కడొక పలక పెట్టించాలి. తెలుగులో, మరాఠీలో రెండు వాక్యాలు చాలు.

దగ్గర్లోనే రాయల్ ఒపేరా హౌస్ ఉంది. 1993లో మూతపడి, బాగుచేశాక 2016లో తెరుచుకుంది. చాలా అందంగా ఉందంటారు. కార్యక్రమం ఉన్న రోజు టికెట్ తీసుకుంటేనే లోపల చూడగలం. మేం వెళ్ళిన రోజు ఏమీ లేదు. బయట నుంచి చూసి వచ్చేశాం.

ఇక దక్షిణపు కొస. రీగల్ 1933లో లారెల్, హార్డీ సినిమాతో మొదలైంది. ఏసీ, భూమి కింద కారు పార్కింగ్ ఆ రోజుల్లోనే పెట్టారు. రాత్రి ఆట చూశాం. తెర పెద్దది, బాల్కనీ వాలు బాగుంది, ముందువాళ్ళ తల అడ్డురాదు. ముంబైలో ఒక్క రాత్రే ఉంటే నేను రీగల్‌కి వెళ్ళమంటాను. చర్చ్‌గేట్ ఎదురుగా ఎర్రరాతి ఈరోస్ 1938 నాటిది. కూల్చేస్తారేమోనని ఊరంతా టెన్షన్ పడ్డాక, 2024లో ఐమాక్స్ తెరతో మళ్ళీ తెరిచారు. బయట పాతది, లోపల కొత్తది. రీగల్, ఈరోస్ రెండూ 2018లో యునెస్కో గుర్తించిన కట్టడాల సముదాయంలో ఉన్నాయి. లోపల పాత హాలు చూడాలనుకుంటే ఈరోస్ నిరాశపరుస్తుంది. కానీ నిలబడి ఉంది, ఆటలు నడుస్తున్నాయి. మినర్వా చోటు చూసొచ్చాక నాకది చిన్న సంగతి అనిపించలేదు.

లిబర్టీ కోసం మెరైన్ లైన్స్‌లో దిగాం. స్వాతంత్ర్యం వచ్చిన ఆనందంలో ఆ పేరు పెట్టి 1949లో తెరిచిన హాలు. ‘హమ్ ఆప్కే హై కౌన్’ 1994లో ఇక్కడ విడుదలై వంద వారాలు దాటి ఆడింది. మనకది ‘ప్రేమాలయం’గా తెలుసు. ఆ తెలుగు ప్రింటుకి డీసీఆర్ రాసిన మనిషి లిబర్టీ మెట్ల మీద నిలబడి ఫొటో తీయించుకున్నాడు. రోజువారీ ఆటలు ఇప్పుడు లేవు, ఉత్సవాలప్పుడే తలుపులు తీస్తారు. కాబట్టి వెళ్ళేముందు కనుక్కోండి. తలుపు మూసి ఉంటే అక్కడి నుంచి ధోబీ తలావ్ దాకా నడిచి, మెట్రో సినిమా ఎదురుగా ఉన్న క్యానీలో బన్ మస్కా తిని, ఇరానీ చాయ్ తాగండి. 1904 నుంచి ఉన్న హోటల్. మూడు రోజుల్లో మామయ్య కడుపునిండా ఇష్టంగా తిన్నది అక్కడే.

మూడో రోజు ఎలిఫెంటా గుహలకి పడవ ఎక్కుదామనుకున్నాం. పొద్దున లేచేసరికి మామయ్య చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. “ఇంకోసారి మరాఠా మందిర్‌కి పోదాం” అన్నాడు.

ఈసారి కింద కూర్చున్నాం. ఆట మొదలై ఇరవై నిమిషాలయ్యాక ఆయన లేచి, నడవాలో నిలబడి వరసలు లెక్కపెట్టాడు. పైకి వెళ్ళి బాల్కనీ కూడా లెక్కపెట్టి వచ్చాడు. గేట్‌కీపర్ చూసి ఊరుకున్నాడు. రాత్రి తిరుగు రైల్లో జేబులోంచి చిన్న పుస్తకం తీసి అడ్డగీతలు, నిలువుగీతలు గీశాడు. కేంద్రం, ముంబై. హాలు, మరాఠా మందిర్. ఆట, మార్నింగ్. బాల్కనీ 58. స్టాల్స్ 131. చివర్లో ‘ఎన్నో రోజు’ అని ఒక గడి మిగిలింది.

“1995 అక్టోబర్ 20 నుంచి లెక్క కట్టు” అన్నాడు. ఫోన్లో మొదలుపెట్టాను.

“కరోనాకి మూసిన రోజులు తీసెయ్. ఆపిన రోజులు కూడా. తప్పు రాయకూడదు.”

రైలు కళ్యాణ్ దాటాక కూడా ఆ గడి ఖాళీగానే ఉంది.