అర్జీలు టైపు చేసే షాపు, అమలాపురం: నాలుగు స్టార్లు

మా వైపు డ్రెయిన్ గుర్రపుడెక్కతో పూడుకుపోయింది. గట్టి వాన పడితే చేలు మునుగుతున్నాయి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో తెలుగు అర్జీ ఇస్తే సరిపోతుంది గానీ, ఇంజినీర్లకి ఇంగ్లీషులో ఒక కాపీ పెడదామని ఊళ్లోవాళ్లు పట్టుబట్టారు. అందుకని ఈ షాపుకి వెళ్లాను.

మా మేనల్లుడు రాసిచ్చిన చిత్తులో పేరాకో ‘మోస్ట్ హంబ్లీ’ ఉంది. షాపాయన పాతకాలం టైపు మాస్టారు, లోయర్, హయ్యర్ టైపు పరీక్షలకి నేర్పినాయన. ఒక్కటి ఉంచి మిగతావన్నీ కొట్టేశారు. “హంబ్లీ అంటే సవినయంగా అని. అడిగే చోటే దానికి పని. హంబ్లీ రిక్వెస్ట్ అనొచ్చు, హంబ్లీ సబ్మిట్ అనొచ్చు, కోర్టు కాయితాల్లో హంబ్లీ ప్రే అంటారు. చేలు మునిగాయని చెప్పడానికి వినయం దేనికండీ? మునిగాయంతే!” అన్నారు. నిజమే. తెలుగులో ‘విన్నవించుకొనునది ఏమనగా’ అని ఒక్కసారి రాసి ఊరుకుంటాం. ఇంగ్లీషు అనేసరికి ఎందుకో మాటమాటకీ వంగుతాం.

అడక్కుండానే ఆ హంబ్లీ అనే మాట పుట్టుక కూడా చెప్పారు. లాటిన్‌లో హ్యూమస్ అంటే నేల. దాన్నుంచి హ్యూమిలిస్, నేలబారుగా ఉండేది, తక్కువది అని. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకొచ్చి హంబుల్ అయింది, చివర ‘లీ’ చేరితే హంబ్లీ. ఎరువుల కొట్లో హ్యూమిక్ యాసిడ్ అని డబ్బాలమ్ముతారే, అదీ ఆ నేల తాలూకే. రైతుకి ఇలా చెబితే ఇక మర్చిపోతాడా! ‘హంబ్లీ బార్న్’ అంటే వినయంగా పుట్టడం కాదు, బీదింట పుట్టడం అట.

తప్పొప్పుకుని తలొంచడాన్ని ఇంగ్లీషులో ‘హంబుల్ పై’ తినడం అంటారట, ఆ మాటకి ఈ నేలతో చుట్టరికం లేదు, అది జింక పేగులతో చేసే వంటకం పేరు నుంచి వచ్చిందని ఆయన మొదలెట్టేసరికి వెనకున్నవాళ్లు సణిగారు. ఒక స్టారు తగ్గించింది అందుకే. అరగంట పని గంటన్నర పట్టింది. డ్రెయిన్ పేరులో ఒక అక్షరం తప్పు పడింది కూడా. మళ్లీ ప్రింటు తీసిచ్చారు, దానికి డబ్బులు తీసుకోలేదు.

పేజీకి 50 రూపాయలు, ఫోన్‌పే ఉంది. సోమవారం పొద్దున్న మాత్రం వెళ్లకండి, గ్రీవెన్స్ జనమంతా అక్కడే ఉంటారు. శనివారం సాయంత్రం ఖాళీ.