లాగిన్‌కు ముందే వైఫై కావాలనుకున్నవారికి ఈ యూఎస్‌బీ అడాప్టర్ పనికి వస్తుందా?

మానిటర్, కీబోర్డు లేకుండా గది మూలన ఉంచి, మరో కంప్యూటర్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా మాత్రమే వాడుకునే ఒక విండోస్ డెస్క్‌టాప్ కోసం ఈ అడాప్టర్‌ను కొన్నాను. అక్కడిదాకా కేబుల్ లాగే వీలు లేకపోయింది. వేగం, సిగ్నల్ అందే దూరం నాకు రెండో వరస విషయాలు. కంప్యూటర్ ఆన్ అయ్యాక, ఎవరూ పాస్‌వర్డ్ కొట్టకముందే అది వైఫైకి కలుస్తుందా లేదా అన్నదే నా అసలు పరీక్ష. కలవకపోతే దూరం నుంచి లాగిన్ కావడానికి నెట్‌వర్క్ ఉండదు, లాగిన్ అయితే తప్ప నెట్‌వర్క్ రాదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్న సామెత ఇలాంటి చోటే గుర్తుకు వస్తుంది.

తయారీదారు పేరు కావాలనే రాయడం లేదు. వైఫైని నడిపే సొంత సాఫ్ట్‌వేర్‌ను, అంటే యుటిలిటీని, జత చేసి అమ్మే ఏ అడాప్టర్‌లోనైనా కింద చెప్పబోయే లోపం ఎదురుకావచ్చు కనుక, పేరు కంటే లోపం స్వభావం తెలియడమే కొనేవారికి ఉపయోగం.

పరికరం విషయంలో పెద్దగా ఫిర్యాదు లేదు. 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లు రెండింటిలోనూ నిలకడగా పనిచేస్తోంది. పెట్టెలో చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఇవ్వడం బాగుంది, యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వెలువడే రేడియో అలజడి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను దెబ్బతీయగలదు కాబట్టి, అడాప్టర్‌ను కేసు వెనుక నుంచి కాస్త దూరం జరపడం మంచిదే.

చిక్కంతా దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్‌తోనే. సూచనల కాగితంలో ఉన్నట్టే ఇన్‌స్టాల్ చేసి, యుటిలిటీలోనే నెట్‌వర్క్‌ను ఎంచుకొని, పాస్‌వర్డ్ ఇచ్చి, రీస్టార్ట్ చేశాను. లాగిన్ తెర దగ్గర పది నిమిషాలు వేచినా రూటర్‌లోని పరికరాల జాబితాలో ఆ కంప్యూటర్ కనిపించలేదు. అరువు తెచ్చిన కీబోర్డుతో లాగిన్ అయిన కొద్ది క్షణాలకే కనిపించింది. కారణం తేలికగానే దొరికింది: ఆ యుటిలిటీ, వినియోగదారుడి డెస్క్‌టాప్ తెరుచుకున్నాక మొదలయ్యే మామూలు ప్రోగ్రామ్ మాత్రమే, పాస్‌వర్డ్‌ను కూడా అది తన దగ్గరే దాచుకుంది. ఎవరూ లాగిన్ కానంతవరకు దానికి ఉనికే లేదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లోనూ ఇటువంటి యుటిలిటీలు వైర్‌లెస్ నిర్వహణను విండోస్ చేతుల్లోంచి లాక్కునేవి. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ అలవాటు పోకపోవడం ఆశ్చర్యమే.

యుటిలిటీని పూర్తిగా తొలగించి, అడాప్టర్‌ను విండోస్ గుర్తించి వాడుకోవడానికి కావలసిన డ్రైవర్‌ను మాత్రం, విండోస్‌లోనే ఉండే డివైస్ మేనేజర్ ద్వారా ఇన్‌స్టాల్ చేశాక కథ మారింది. విండోస్ విస్టా నుంచి వైఫై బాధ్యత చూసే డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ అనే సర్వీస్ (తెర వెనుక నడిచే ప్రోగ్రామ్), కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే విండోస్ సొంత సిస్టమ్ ఖాతా కింద నడుస్తుంది; దానికి లాగిన్‌తో పని లేదు. అయితే నెట్‌వర్క్ ప్రొఫైల్, అంటే విండోస్ దాచుకున్న ఆ వైఫై పేరు, పాస్‌వర్డ్‌ల నమోదు, అందరు వినియోగదారులకూ చెందినదిగా ఉండాలి, ‘తనంతట తాను కలువు’ అన్న గుర్తు పెట్టి ఉండాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్ (netsh) అనే ఆదేశం ద్వారా వైర్‌లెస్ ప్రొఫైళ్ల జాబితా తెప్పిస్తే, పేరు పక్కన ‘ఆల్ యూజర్ ప్రొఫైల్’ అని ఉందో, ‘కరెంట్ యూజర్ ప్రొఫైల్’ అని ఉందో తెలుస్తుంది. రెండోది ఉంటే లాగిన్‌కు ముందు కలవదు. నా దగ్గర మొదటిదే ఉంది.

అంతటితో పని పూర్తయిందనుకున్నాను. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ కలిసింది కానీ, షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసినప్పుడు రెండుసార్లు అడాప్టర్ దీపమే వెలగలేదు. విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్‌లో షట్‌డౌన్ అంటే నిజమైన షట్‌డౌన్ కాదు. విండోస్ కేంద్ర భాగమైన కెర్నల్ స్థితిని డిస్కులో దాచి, తరువాత దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. రీస్టార్ట్ మాత్రం మొదటినుంచి బూట్ చేస్తుంది. దాచిన స్థితి నుంచి లేచేటప్పుడు ఈ డ్రైవర్ తడబడుతున్నట్టుంది, ఎందుకంటే పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్‌ను తీసివేశాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. పరీక్షించేవారు రీస్టార్ట్‌తో సరిపెట్టుకోకుండా, పూర్తిగా ఆపి ఆన్ చేసి కూడా చూడాలి. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ఉందో లేదో చూడటానికి మరో కంప్యూటర్ నుంచి పంపే పింగ్‌కు జవాబు రాలేదని వెంటనే నిరాశపడనక్కరలేదు, ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటూ ఉండవచ్చు. విండోస్‌లో జరిగినవాటి చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ లాగ్ తెరిచి, విజయవంతంగా కలిసినట్టు చెప్పే 8001 సంఖ్య ఉన్న నమోదు సమయాన్ని లాగిన్ సమయంతో పోల్చడమే నమ్మదగిన పద్ధతి.

ఇంకో చిన్న జాగ్రత్త. ఈ అడాప్టర్‌ను ఒక పోర్టు నుంచి తీసి మరో పోర్టులో పెడితే విండోస్ దాన్ని ‘వైఫై 2’ అంటూ కొత్త పరికరంగా లెక్కించింది. సొంత సీరియల్ నంబర్ లేని యూఎస్‌బీ పరికరాలను విండోస్ పోర్టును బట్టి గుర్తిస్తుంది. వైర్‌లెస్ ప్రొఫైళ్లనేమో ఒక్కొక్క ఇంటర్‌ఫేస్‌కు వేరువేరుగా దాస్తుంది. కనుక ఒకసారి సెట్ చేశాక పోర్టు మార్చకపోవడమే క్షేమం.

ఇదంతా ఒకే పాస్‌వర్డ్‌తో నడిచే ఇంటి తరహా నెట్‌వర్క్ మాట. ప్రతి ఉద్యోగి తన పేరు, పాస్‌వర్డ్‌లతో కలిసే 802.1ఎక్స్ నెట్‌వర్క్‌లో లాగిన్‌కు ముందు వినియోగదారుడి వివరాలు ఉండవు కాబట్టి, కంప్యూటరే తన సర్టిఫికెట్‌తో (డిజిటల్ గుర్తింపు పత్రంతో) గుర్తింపు చూపేలా గానీ, లాగిన్ వివరాలనే ముందుగా వైఫైకి వాడే సింగిల్ సైన్ ఆన్ పద్ధతిని గానీ నిర్వాహకులు ఏర్పాటు చేయాలి. సంస్థ తన ఖాతాలన్నిటినీ ఒకేచోట నిర్వహించే డొమైన్‌లో చేరిన యంత్రం మీద అంతకుముందు ఎన్నడూ లాగిన్ కాని వ్యక్తి మొదటిసారి కూర్చున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. పాతవారు దాచిన వివరాలతో లోపలికి వెళ్లిపోతారు, కొత్తవారికి ఆ ఖాతాలను సరిచూసే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్ అందితే తప్ప తలుపు తెరుచుకోదు. బ్రౌజర్‌లో పేజీ తెరిచి అంగీకారం తెలపమనే బహిరంగ వైఫైల దగ్గర మాత్రం ఏ అడాప్టర్ వల్లా ఈ పని కాదు.

లినక్స్‌లో కూడా పెట్టి చూశాను. అక్కడ నెట్‌వర్క్ సంగతులు చూసే నెట్‌వర్క్ మేనేజర్‌లో ఆ కనెక్షన్‌ను వినియోగదారులందరికీ అనుమతించి, పాస్‌వర్డ్‌ను లాగిన్ అయ్యాకే తెరుచుకునే వ్యక్తిగత కీరింగ్‌లో (పాస్‌వర్డ్‌ల పెట్టెలో) కాక సిస్టమ్ ఫైలులో దాచమని చెప్పగానే లాగిన్ తెర రాకముందే కలిసింది. యుటిలిటీ గొడవే లేదు.

పరికరానికి ఐదింటికి నాలుగు ఇస్తాను, యుటిలిటీకి ఒకటి. డ్రైవర్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోగలవారు నిశ్చింతగా కొనవచ్చు. పెట్టెలోని డిస్కును నడిపి, ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయేవారికి మాత్రం నేను దీన్ని సూచించను.