నెక్స్ట్‌క్లౌడ్‌ని డాకర్‌లో నడిపితే: కొన్నేళ్లు వాడాక నా మాట

మా ఇంట్లో అందరి ఫైళ్లు, కాంటాక్టులు, క్యాలెండర్ అన్నీ కొన్నేళ్లుగా ఒక పాత మినీ పీసీలోనే ఉంటున్నాయి. డెబియన్ లైనక్స్ మీద డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో నడిపేది), అందులో నెక్స్ట్‌క్లౌడ్ (సొంత మెషీన్‌లో పెట్టుకునే గూగుల్ డ్రైవ్ లాంటిది). ఇంటి మటుకు 8 జీబీ ర్యామ్ సరిపోతోంది. రోజువారీ వాడకంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. సింక్ నమ్మకంగా నడుస్తుంది, తెలుగు పేర్లున్న ఫోల్డర్లు ఎక్కడా చెదరలేదు. ఫొటోల దగ్గరే నీరసం: పెద్ద ఆల్బమ్ తెరిస్తే థంబ్‌నెయిళ్లు తాపీగా ఒక్కొక్కటే వస్తాయి. ఫొటోలే ముఖ్యమైతే వాటి కోసమే ఉన్న ఇమిచ్ అనే ప్రోగ్రామ్ చూసుకోండి.

అసలు చెప్పాల్సింది అప్‌డేట్ల సంగతి. "డాకర్ కదా, పుల్ కొట్టు, అప్ కొట్టు, అయిపోయింది" అంటుంటారు, అంటే కొత్త ఇమేజ్ (ప్రోగ్రామ్ ప్యాకేజీ) దించుకుని కంటైనర్‌ని మళ్లీ లేపడమే. ఒకే వెర్షన్‌లో వచ్చే చిన్న అప్‌డేట్లకి అది నిజమే. వెర్షన్ నంబరే మారినప్పుడు లెక్క వేరు. నెక్స్ట్‌క్లౌడ్‌లో మెట్లు దాటేయడం కుదరదు. 28లో ఉంటే ముందు 29కి, అది సర్దుకున్నాక 30కి. నేరుగా 30 ట్యాగ్ (ఏ వెర్షన్ ఇమేజ్ కావాలో చెప్పే గుర్తు) పెడితే కంటైనర్ లేవదు, ఒక్కసారికి ఒక్క మేజర్ వెర్షనే అని లాగ్‌లో చెప్పి ఆగిపోతుంది. అందుకే కంటైనర్ల సెట్టింగులు రాసే కంపోజ్ ఫైల్లో 'లేటెస్ట్' అనే ట్యాగ్ అస్సలు పెట్టకండి. కొన్నాళ్లు పట్టించుకోకుండా వదిలేసి ఒకరోజు పుల్ చేస్తే రెండు మెట్లు పైనున్న ఇమేజ్ వచ్చి కూర్చుంటుంది. వెనక్కి దిగడానికి అసలు దారే లేదు, బ్యాకప్ ఒక్కటే దిక్కు. పోనీ అప్‌డేట్ చేయకుండా ఊరుకుందామా అంటే ఒక్కో మేజర్ వెర్షన్‌కి సపోర్టు ఏడాదే.

ట్యాగ్ మార్చి లేపాక లాగ్ చూస్తూ కూర్చోవడం నాకు అలవాటు. కంటైనర్ ముందు ఇమేజ్‌లోని వెర్షన్‌నీ వాల్యూమ్‌లో (కంటైనర్ ఫైళ్లు నిలిచి ఉండే చోట్లో) ఉన్న వెర్షన్‌నీ పోల్చుకుని, కొత్త ఫైళ్లు వాల్యూమ్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాత డేటాబేస్ అప్‌గ్రేడ్ తనే నడుపుతుంది. మధ్యలో నిమిషాల తరబడి ఉలుకూ పలుకూ ఉండదు. ఓపిక నశించి రీస్టార్ట్ కొట్టకూడనిది అక్కడే. కరెంటు పోయినా అదే గొడవ, కాబట్టి చిన్నదైనా యూపీఎస్ ఉండాల్సిందే. చివర్లో కొత్త వెర్షన్‌తో పొసగక ఆపేసిన యాప్‌ల పేర్లు లాగ్‌లో వస్తాయి. అవి రాసి పెట్టుకోండి, లేకపోతే "నా నోట్స్ ఏవి?" అని ఇంట్లోవాళ్లు అడిగేదాకా తెలియదు. క్రాన్‌కి (వేళకి వెనకాల నడిచే పనులకి) వేరే కంటైనర్ పెట్టుకుని ఉంటే దాని ట్యాగ్ కూడా మార్చాలి, రెండూ వాడేది ఒకే వాల్యూమ్ కదా. తర్వాత అడ్మిన్ పేజీలో డేటాబేస్ ఇండెక్స్‌లు తక్కువయ్యాయని పసుపు రంగులో హెచ్చరిక కనబడితే కంగారొద్దు, ఓసీసీ అనే నెక్స్ట్‌క్లౌడ్ కమాండ్ టూల్‌లో ఒక్క కమాండ్‌తో పోతుంది.

నిజంగా చెమట పట్టించేది నెక్స్ట్‌క్లౌడ్ వెనకున్న డేటాబేస్, పోస్ట్‌గ్రెస్. కంపోజ్‌లో 15 తీసేసి 16 అని రాస్తే చాలనిపిస్తుంది. చాలదు. పాత వెర్షన్ రాసిన డేటా ఫోల్డర్‌ని కొత్తది ముట్టుకోదు, ఎర్రర్ చూపించి మూసుకుంటుంది. డేటా ఎక్కడికీ పోదు, మళ్లీ 15 పెడితే యథాప్రకారం లేస్తుంది. మారాలంటే మాత్రం మెయింటెనెన్స్ మోడ్ పెట్టి, పాతదాంట్లో డంప్ (డేటాబేస్ మొత్తానికి నకలు) తీసి, ఖాళీ వాల్యూమ్‌తో కొత్తది లేపి, డంప్‌ని అందులోకి ఎక్కించాలి. యాప్ అప్‌డేటూ ఇదీ ఒకేరోజు పెట్టుకోవద్దు. ఏదైనా తేడా వస్తే ఎవరి వల్ల వచ్చిందో తేలదు.

బ్యాకప్ అంటే డేటా ఫోల్డర్ ఒక్కటే అనుకునేవాళ్లున్నారు. డేటాబేస్ డంప్, కాన్ఫిగ్ ఫైల్ కూడా ఉండాలి. పాస్‌వర్డ్‌లకీ ఎన్‌క్రిప్షన్‌కీ వాడే సాల్ట్, సీక్రెట్ రెండూ ఆ కాన్ఫిగ్‌లోనే ఉంటాయి. నేను రాత్రిపూట మూడూ కలిపి రెస్టిక్ అనే బ్యాకప్ టూల్‌తో వేరే డిస్క్‌కి పంపిస్తాను.

ఇదంతా తలనొప్పి అనుకుంటే నెక్స్ట్‌క్లౌడ్ వాళ్లదే ఆల్-ఇన్-వన్ ఉంది. బ్యాకప్, అప్‌డేట్ రెండూ బటన్‌తో అయిపోతాయి. దానికి డాకర్ సాకెట్ (డాకర్‌కి ఆదేశాలిచ్చే దారి) అప్పగించాలి, అంటే ఆ మెషీన్‌లోని మిగతా కంటైనర్ల మీదా దానికి పెత్తనం వస్తుంది. అదే పెట్టెలో వేరేవి కూడా నడుపుతున్నాను కాబట్టి నాకది నచ్చలేదు. నెక్స్ట్‌క్లౌడ్ కోసమే విడిగా మెషీన్ ఉన్నవాళ్లకి మాత్రం అదే చెబుతాను.